కాయిన్, ఐకన్, రూప్యము : అక్షరములు చెప్పునదియు చరిత్ర చెప్పునదియు

ఆంగ్లభాషలో పండితులకును పామరులకును సమముగా పరిచితమైన పదములలో 'కాయిన్' ఒకటి. నాణెమని దాని యర్థము. ఆ భాషలో దీనిని సి, ఓ, ఐ, ఎన్ అను నాలుగక్షరములతో వ్రాయుదురు. ఈ నాలుగింటినే వరుస మార్చి ఐ, సి, ఓ, ఎన్ అని నిలిపినచో 'ఐకన్' అను వేఱొక పదమగుచున్నది. దానికి ప్రతిమ యని యర్థము. నాణెముపై రాజముఖమో దేవతామూర్తియో ముద్రితమై యుండుట లోకమెఱిగిన విషయము. ప్రతిమను మోయు వస్తువు పేరులోనే ప్రతిమ పేరు దాగియుండుట చదువరికి విస్మయము కలిగించును. ఆ విస్మయము వెంటనే యొక ప్రశ్నగా మాఱును: ఈ రెండు పదములకును పుట్టుకలోనే సంబంధముండెనా?

ఒక పదములోని అక్షరములనే మార్చి కూర్చి వేఱొక పదమును సాధించుటను ఆంగ్లేయులు 'అనగ్రామ్' అందురు. ఈ వ్యాసమున దానిని అక్షరవినిమయమని వ్యవహరింతును. భాషాచరిత్రలో ధ్వనులు తమంతట తాము స్థానము మాఱుటకు మన వ్యాకర్తలు వాడిన వర్ణవ్యత్యయమను మాటను దానికే నిలిపి యుంచుచున్నాను. ఈ రెండింటిని ఒకటిగా భావించుట వలన వ్యుత్పత్తి శాస్త్రమున పెక్కు పొరపాటులు పుట్టినవి. వీని భేదమును ఒక్క సామాన్యపదము నాధారముగా జేసికొని నిరూపించుట ఇచట నుద్దేశము.

ఈ విచారణకు పుదుచ్చేరి తగిన భూమి. సి, ఓ, ఐ, ఎన్ అను వ్రాత అచట ఆంగ్లమున నొక యర్థమును, ఫ్రెంచిభాషలో మఱియొక యర్థమును ఇచ్చుచున్నది. అచటి టంకశాలలో అచ్చుపడిన నాణెములు పదార్థములకును వస్తువులకును గల సంబంధమును బోధించును. ఆ పట్టణమునకు చెందిన కదిర్కామమను స్థలము పేరు మనము చేయబోవు సిద్ధాంతమునకు చక్కని పరీక్ష. ఆ పేరును వ్యాసాంతమున పరిశీలింతము.

1. కాయిన్ పదము పుట్టుక

కాయిన్ పదమునకు మూలము లాటినులోని 'కునేయుస్'. మొన సన్నమై తల మందమై, చెక్కను చీల్చుటకు దిగగొట్టు చీలకు అది పేరు. పురాతన బాబిలోనియాలో మట్టిపలకలపై చీలల యాకృతిలో వ్రాసిన లిపిని 'క్యూనిఫారమ్' అని యనుట ఈ పదము నుండియే. లాటిను పదము ప్రాచీన ఫ్రెంచిలో ప్రవేశించి 'కోయిన్' వంటి రూపమును పొంది, మూడర్థములను కూడగట్టుకొనెను. చీల యనునది మొదటిది. రెండు గోడలు కలిసి చీలవలె నేర్పడు మూల యనునది రెండవది. లోహపు బిళ్లపై గుర్తు దిగునట్లు సమ్మెటతో మోదెడి అచ్చు యనునది మూడవది. అచ్చు పనిముట్టు చీలయాకృతిలో నుండుటయే ఈ మూడవ యర్థమునకు కారణము.

పదునాలుగవ శతాబ్దమున ఆంగ్లమునకు ఈ పదము చేరినది. అచట అచ్చు యను నర్థము అచ్చుపడిన గుర్తుకును, ఆ గుర్తు నుండి గుర్తుపడిన లోహపు బిళ్లకును వ్యాపించెను. క్రొత్త మాటను పుట్టించుటను గూడ 'కాయిన్' చేయుట యందురు. నాణెమును అచ్చువేయు వ్యాపారమే అందలి రూపకము. మూల యను నర్థము ఆంగ్లమున వేఱు వ్రాతతో 'క్వాయిన్' అని భవనపు మూలఱాతికి పేరుగా నిలిచినది. ఫ్రెంచిలో నేటికిని ఆ పదము వ్రాతలో కాయిన్ వలెనే యుండి, 'క్వేఁ' అని పలుకబడుచు, ప్రధానముగా మూల యను నర్థము నిచ్చుచున్నది. నాణెమునకు వారి మాటలు వేఱు. 1954 నవంబరు 1వ తేదీ వఱకు ఫ్రెంచి పాలనలో నుండిన పుదుచ్చేరిలో ఫ్రెంచి నేర్చినవానికి ఆ నాలుగక్షరములు వీథిమూలను స్ఫురింపజేయును. ఆంగ్లము నేర్చినవానికి చేతిలోని పైకమును స్ఫురింపజేయును. ఈ యిద్దఱు చూచునది ఒకే పదముయొక్క రెండు కొమ్మలను.

పనిముట్టు పేరు నాణెమునకు వచ్చుట మనకు క్రొత్త గాదు. సంస్కృతమున టంకశబ్దమునకు ఱాతిని చెక్కు ఉలి యనియు, ముద్రాంకితమైన నాణెమనియు నిఘంటువులు అర్థములు చెప్పుచున్నవి. టంకశాల యను మాట మనకు నిత్యవ్యవహారములోనిదే.

2. ఐకన్ పదము పుట్టుక

ఐకన్ పదము లాటినులో పుట్టినది కాదు. గ్రీకు నుండి వచ్చినది. గ్రీకులో 'ఐకోన్' అనగా పోలిక, ప్రతిరూపము. పోలియుండుట యను నర్థముగల క్రియ నుండి అది యేర్పడినది. తూర్పు క్రైస్తవ సంప్రదాయమున పూజార్హమైన పవిత్ర చిత్రమునకు ఆ పేరు రూఢమైనది. లాటిను ద్వారమున పదునాఱవ శతాబ్దమున ఆంగ్లమునకు చేరి, మొదట సామాన్యముగా చిత్రమను నర్థమున వాడబడి, పిమ్మట పవిత్ర చిత్రమునకును, మన కాలమున గణకయంత్రపు తెరపై కనబడు చిన్న గుర్తునకును పేరైనది.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచినచో విషయము తేటపడును. గ్రీకు పదమును ఎప్సిలాన్, అయోటా, కప్పా, ఒమేగా, న్యూ అను నైదక్షరములతో వ్రాయుదురు. లాటినులోని కునేయుస్ పదమున సి, యు, ఎన్, ఇ, యు, ఎస్ అను నాఱక్షరములు గలవు. తమ తమ పుట్టినిండ్లలో ఈ పదములకు అక్షరసామ్యము లేశమును లేదు. గ్రీకులోని రెండక్షరముల సంధ్యక్షరము లాటినులో ఐ యను నొక్క యక్షరముగా క్షీణించి, కప్పాకు మాఱుగా సి వచ్చి, దీర్ఘమైన ఒమేగాకును హ్రస్వమునకును ఒకే ఓకారము నిలిచిన తరువాతనే మొదటి పక్షము సిద్ధమైనది. లాటిను పదము ఫ్రెంచిలో నోటనరిగి, ఆంగ్లమున పలువిధముల వ్రాయబడి, చివరకు నాలుగక్షరముల రూపమున స్థిరపడిన పిమ్మట రెండవ పక్షము సిద్ధమైనది. అనగా ఈ వినిమయము ఆంగ్లలేఖన సంప్రదాయమున మాత్రమే సంభవించిన యాదృచ్ఛికము. ఐకన్ పదమును ఆంగ్లేయులే కొందఱు సి అక్షరమునకు మాఱుగా కె తో వ్రాయుదురు. ఆ యొక్క అక్షరము మాఱినంతనే వినిమయము నశించును. పదముయొక్క అర్థమునకుగాని చరిత్రకుగాని వీసమంతయు లోపము రాదు.

3. కంటికి కనబడునది, చెవికి వినబడునది

పై వినిమయమును చెవితో పరీక్షించినచో అది నిలువదు. కాయిన్ అనునది కకారముతో నారంభమగు ఏకాక్షర పదము. దాని నడుమ నున్నది ఒకే సంధ్యక్షర ధ్వని. ఐకన్ అనునది వేఱొక సంధ్యక్షరముతో నారంభమై రెండు భాగములుగా పలుకబడు పదము. మొదటిదానిలోని ధ్వనులను ఎట్లు త్రిప్పినను రెండవది రాదు. ఈ పదములను తెలుగులిపిలో వ్రాసిన వెంటనే వినిమయము మాయమగుటయు ఇందుచేతనే: కా, యి, న్ అనునవి ఒకటి, ఐ, క, న్ అనునవి మఱియొకటి. మన లిపిలో అచ్చు హల్లుతో నొదిగి యొక యక్షరమగును. రోమనులిపిలో అచ్చును హల్లును విడివిడి గుర్తులు. వినిమయము లిపిధర్మము, వ్యుత్పత్తి ధ్వనిధర్మము.

ఇక యాదృచ్ఛికమునకు గల అవకాశమును గణించి చూతము. వేర్వేఱుగా నున్న నాలుగక్షరములను 24 విధముల వరుసలో నిలుపవచ్చును. కాయిన్ పదముయొక్క 24 వరుసలలో వాడుకలో నున్న పదములు కాయిన్, ఐకన్ అను రెండే. అంటుకొమ్మకు పేరైన 'సయన్' అను మాటకు గల యొక పాతవ్రాతయు పెద్ద నిఘంటువులలో ఈ గుంపున చేరును. కొద్ది యక్షరములతో వేలకొలది చిన్న పదములను వ్రాయు భాషలో ఇట్టి కలయికలు తప్పక ఏర్పడును. వానిలో కొన్నింట అర్థములు సరిపడుటయు సహజము. సరిపడినవానిని మనము చెప్పుకొందుము. సరిపడని వందలకొలది జంటలను మఱచిపోదుము. విస్మయమునకు మూలము ఈ మఱపే.

ఆధునిక భాషాశాస్త్రమునకు మూలపురుషుడని ఎన్నదగిన ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఈ సమస్యతోనే పెనగులాడెను. 1906 మొదలు 1909 వఱకు ఆయన ప్రాచీన లాటిను పద్యములలో దేవతల పేరులు, వీరుల పేరులు అక్షరములుగా చెదరి దాగియున్నవని యూహించి, పెక్కు నోటుపుస్తకములు నింపెను. వేదసూక్తములను గూడ ఆ దృష్టితో పరిశీలించెను. కాని కవి బుద్ధిపూర్వకముగా దాచెనా, లేక చాలినన్ని యక్షరములుగల ఏ పద్యముననైనను అట్టి పేరు దానంతట నదియే కనబడునా యను ప్రశ్నకు ఆయనకు నిశ్చయమైన సమాధానము దొరకలేదు. 1909లో సమకాలిక లాటిను కవియైన జోవాన్ని పాస్కోలికి లేఖ వ్రాసి యడిగెను. ఆ మార్గమునను తుది నిర్ణయము రాలేదు. ఆ పరిశోధనను ప్రకటింపకయే విడిచిపెట్టెను. ఆయన మరణానంతరము జాన్ స్తారోబిన్స్కీ 1964లో కొంతయు, 1971లో గ్రంథరూపమునను వానిని వెలువరించెను. సొస్యూర్ ఏమి కనుగొనెనన్నదానికంటె, ఏమి ప్రకటింపక యాగెనన్నది మనకు ముఖ్యము. యాదృచ్ఛికమును నిరాకరింపజాలనపుడు సిద్ధాంతము చేయరాదను నిగ్రహమును ఆయన పాటించెను.

4. మన సంప్రదాయమున అక్షరముల తాఱుమాఱు

మన పూర్వులును ఈ మార్గమున నడచినవారే. సింహశబ్దమును హింసార్థక ధాతువు నుండి వర్ణములను తాఱుమాఱు చేసి సాధించు పద్ధతి యాస్కుని నిరుక్తమున గలదు. కాశికావృత్తియందును సింహము వర్ణవిపర్యయమునకు ప్రసిద్ధోదాహరణము. యాస్కుడు ఆద్యంతములు తాఱుమాఱైన పదములకు మఱికొన్ని యుదాహరణములను కూడ ఇచ్చెను. అందు 'తర్కు' శబ్దమొకటి. తర్కువనగా నూలు వడకు కదురు. కృత్ అను ధాతువులోని కకార తకారములు స్థానము మాఱి తర్కువైనదని ఆ వివరణము.

ఇట్టి వివరణమును పరీక్షించుటకు యాస్కునికి లేని సాధనము నేడు మనకు గలదు. అది సోదరభాషల సాక్ష్యము. లాటినులో మెలిపెట్టుట యను నర్థముగల 'తోర్క్వేరే' అను క్రియయు, గ్రీకులో కదురునకు పేరైన 'ఆత్రక్తోస్' అను పదమును తర్కుశబ్దమునకు చుట్టములు. వీనియందెల్ల తకారము, రేఫము, కకారము ఈ వరుసలోనే యున్నవి. వేల మైళ్ల దూరమున వేర్వేఱు జనుల నోళ్లలో ఒకే వరుస నిలిచియున్నదన్నచో, తర్కువునందు వర్ణములు ఎన్నడును తాఱుమాఱు కాలేదనియే నిర్ణయము. అంతేకాదు. తెలుగు 'కదురు' పదమున క, ద, ర అను వర్ణములుండుట చూచి దానిని తర్కువుతో ముడిపెట్టదలచువారికిని ఇదియే సమాధానము. కదురునకు చుట్టము తమిళమున అదే యర్థముగల 'కదిర్' పదము. ఆ రెండును ద్రావిడములు. తర్కువు వేఱొక కుటుంబమునకు చెందినది.

విద్యావినోదముగా అక్షరక్రీడ మనకు పరమప్రియమైనది. పింగళి సూరన తన కళాపూర్ణోదయమున మొదటి నుండి చదివినచో తెలుగును, చివర నుండి చదివినచో సంస్కృతమును అగు పద్యమును కూర్చెను. పదునేడవ శతాబ్దమున కాంచీపుర ప్రాంతమువాడైన వేంకటాధ్వరి రాఘవయాదవీయమున శ్లోకములను ముందునుండి చదివిన రామకథయు, వెనుకనుండి చదివిన కృష్ణకథయు వచ్చునట్లు రచించెను. పుదుచ్చేరి దుబాసియైన ఆనందరంగపిళ్ల పేర కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమను తెలుగు లక్షణగ్రంథమును రచించుట వలన ఈ విద్యకు ఆ పట్టణమునందును ఆదరము గలదని తెలియుచున్నది. ఈ కవులెవ్వరును తమ కూర్పును వ్యుత్పత్తియని చెప్పుకొనలేదు. ఐరోపాలోను అక్షరవినిమయము బుద్ధిపూర్వకముగా వాడబడినది. 1610లో గెలీలియో శనిగ్రహమును గూర్చిన తన పరిశీలనమును అక్షరములు చెదరగొట్టి మిత్రులకు పంపెను. 1676లో రాబర్ట్ హుక్ స్ప్రింగుల సాగుదలను గూర్చిన నియమమును అట్లే దాచి ప్రకటించి, 1678లో విడదీసి చెప్పెను. ఇచట దాచినవాడు గలడు, దాచుటకు కారణము గలదు, తాళపుచెవియు గలదు. కర్త లేనిచోట మాత్రము వినిమయము దేనికిని సాక్ష్యము కాజాలదు.

5. తెలుగున నిజమైన వర్ణవ్యత్యయము

వర్ణములు స్థానము మాఱుట యసంభవమని దీనివలన ఎంచరాదు. తెలుగుభాషా చరిత్రలో అది ప్రధానమైన ఘట్టము. తమిళమున 'ఉరల్' అనుదానికి తెలుగున రోలు. 'అవర్' అనుదానికి వారు. 'ఇరండు' అనుదానికి రెండు. 'ఇళ' యనుదానికి లేత, లేయను రూపములు. 'మరమ్' అనుదానికి మ్రాను. వీనిలో వర్ణములు ముందు వెనుకలగుట స్పష్టము.

అయినను ఇది అక్షరక్రీడ కాదు. ఇచట మార్పునకు కట్టుబాటు గలదు. పదాదియందు హల్లు లేక అచ్చు మాత్రమే యుండి, దాని తరువాత ర, ళ, వ వంటి హల్లును, దాని వెంట మఱియొక అచ్చును ఉండవలెను. అపుడు రెండచ్చులును కలిసిపోయి హల్లు ముందునకు వచ్చును. కలిసిన యచ్చు ఏదగునో యదియు నియతమే: అకారముతో అకారము కలిసిన ఆకారము, ఇకారముతో అకారము కలిసిన ఏకారము, ఉకారముతో అకారము కలిసిన ఓకారము. సంయుక్తాక్షరము ముందు ఆ దీర్ఘము హ్రస్వమగును, అందుచేత రెండు. మ్రాను పదమున హల్లు ఆదియందుండుటచే రేఫము దానితో జతపడి నిలిచెను. తరువాతి కాలమున ఆ రేఫము లోపించి మానుగా మిగిలినది. పదము చూడకమునుపే ఫలమును ఊహించి చెప్పవచ్చును. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువులపై వెలువరించిన గ్రంథము ఈ మార్పులను ద్రావిడభాషల తులనతో శాస్త్రీయముగా విశదపఱచినది.

ఉరల్ నుండి రోలు వచ్చుటకును, ఒకే యక్షరములతో కాయిన్, ఐకన్ అగుటకును గల యంతరము ఇదియే. మొదటిది ఒక్క పదముతో పోదు. అట్టి పదములనన్నింటిని ఒకే విధమున మార్చును. రెండవది ఒక్క జంటకే పరిమితము. ఒక్క పదమునకే వర్తించు నియమము నియమము గాదు.

6. నాణెమునకు ప్రతిమ నుండి నిజముగా వచ్చిన పేరులు

ఆంగ్లలేఖనమున యాదృచ్ఛికముగా కనబడిన నాణెము–ప్రతిమల సంబంధము మన భాషలలో యథార్థమైన వ్యుత్పత్తిగా నున్నది. పాణిని యైదవ యధ్యాయమున రూపశబ్దముపై, కొట్టి ముద్రించిన దను నర్థమునను, ప్రశంసార్థమునను ప్రత్యయమును విధించెను. దానివలన సిద్ధించిన 'రూప్య' శబ్దమునకు రూపము ముద్రింపబడినదని యర్థము. నేటి రూపాయి ఆ పదముయొక్క సంతతియే. ఇచట అక్షరముల తాఱుమాఱు లేదు. ప్రకృతి గలదు, ప్రత్యయము గలదు, అర్థము గలదు, నాటి నుండి నేటి వఱకు ప్రయోగపరంపర గలదు.

వరహా యను పేరును అట్టిదే. వరాహలాంఛనము ముద్రింపబడిన బంగారు నాణెము వరాహమై, తెలుగున వరహా యైనది. నాణెమను మాటకే మూలమైన 'నాణక' శబ్దము మృచ్ఛకటికమునను యాజ్ఞవల్క్యస్మృతియందును గలదు. కుషాణరాజులైన కనిష్క హువిష్కుల నాణెములపై నానా యను దేవత ప్రతిమయు పేరును ఉండుటచే, నాణకశబ్దము ఆ దేవత పేరు నుండి వచ్చినదని కొందఱు పండితులు ప్రతిపాదించిరి. వరహా రూప్యములంత దృఢమైన సాక్ష్యము దీనికి లేకపోయినను, ఈ ప్రతిపాదనకు ఆధారము అక్షరపోలిక యొక్కటియే కాదు. త్రవ్వకములలో దొరకిన నాణెములు గలవు.

ఇంకొక సంగతి గమనింపదగినది. పేరు నిలిచినను ప్రతిమ నిలువలేదు. కృష్ణదేవరాయల వరహాపై వరాహము లేదు. ఆసీనుడైన దేవతామూర్తి గలడు. పదునాఱవ శతాబ్దమున షేర్‌షా ముద్రించిన వెండి రూపాయిపై ఏ రూపమును లేదు. అరబ్బీ లిపిలోని వ్రాతయు, దానితో నాగరిలో రాజనామమును మాత్రమే. రూపము లేని నాణెమునకు రూప్యమని పేరు! వస్తువును చూచి పదమునకు అర్థము కట్టువాడును, అక్షరములను చూచి మూలము కట్టువాడును సమానముగా దారి తప్పుదురు. పదముయొక్క చరిత్ర పదముయొక్క ప్రయోగములలోనే యున్నది.

7. పుదుచ్చేరి నాణెములు

1736లో గవర్నరు ద్యుమా కాలమున ఫ్రెంచివారు పుదుచ్చేరిలో రూపాయిలు ముద్రించు హక్కును సంపాదించిరి. ఆనందరంగపిళ్ల తమిళమున వ్రాసిన ప్రసిద్ధమైన దినచర్య ఆరంభమైనదియు ఆ సంవత్సరముననే. ఆ రూపాయిలపై మొగలు పాదుషా నామము పారసీకలిపిలో నుండెను. అచటనే ముద్రించిన చిన్న రాగి నాణెములపై ఒకవైపున ఫ్రాన్సు రాజచిహ్నమైన లిల్లీపువ్వును, మఱియొకవైపున తమిళలిపిలో పుదుచ్చేరి యను పేరును గలవు. ఫ్రెంచివారు వీనిని 'దూదూ' యనియు 'కాష్' అనియు పిలిచిరి. దూదూ మన దుడ్డే. కాష్ అనునది కాసు.

ఈ కాసు పదము మనకు రెండవ పాఠమును నేర్పుచున్నది. ఆంగ్లమున రొక్కమునకు వాడు 'క్యాష్' పదమును చూచి అది మన కాసే యని పలువురు గర్వముతో చెప్పుదురు. నిజమునకు ఆంగ్లమున క్యాష్ అను రూపముగల పదములు రెండు. చేతిరొక్కమను నర్థముగలది లాటినులో పెట్టెకు పేరైన 'కప్సా' నుండి ఇటాలియను, ఫ్రెంచి భాషల ద్వారా వచ్చినది. పైకము దాచు పెట్టె పేరు పైకమునకు వచ్చినది. దక్షిణదేశపు చిన్న నాణెమను నర్థముగలది తమిళ తెలుగుల కాసు నుండి పోర్చుగీసువారి నోట 'కైషా'యై ఆంగ్లమునకు చేరినది. చెన్నపట్టణపు లెక్కలో 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. 1818 వఱకు ఈ లెక్క నడచినది. అనగా ఒక వరహాకు 3,360 కాసులు. ఈ లెక్కలలోని క్యాష్ మనది. అంగడివాడు రొక్కమడుగుచు పలుకు క్యాష్ మనది కాదు. కాయిన్, ఐకన్ అనునవి ఒకే యక్షరములుగల యిద్దఱు పరాయివారు. ఈ రెండు క్యాష్‌లు అక్షరములే కాక వరుసయు ఉచ్చారణమును ఒకటియైన పరాయివారు. సంపూర్ణ సామ్యమే సాక్ష్యము కానపుడు, తాఱుమాఱైన సామ్యమెట్లు సాక్ష్యమగును?

8. కదిర్కామము

ఇక స్థలనామము. పుదుచ్చేరి పట్టణమునకు చెందిన కదిర్కామము నేడు అచటి శాసనసభ నియోజకవర్గమొకదానికిని పేరైనది. రోమనులిపిలో ఈ పేరును పలువిధముల వ్రాయుదురు. కొందఱు నడుమ డి అక్షరమును, కొందఱు టి, హెచ్ అను రెండక్షరములను వాడుదురు. ఉత్తరార్ధమున కొందఱు కె, కొందఱు జి నిలుపుదురు. కె, ఏ, డి, ఐ, ఆర్, కె, ఏ, ఎమ్, ఏ, ఎమ్ అని వ్రాసినచో పది యక్షరములు. డి స్థానమున రెండక్షరములు వచ్చినచో పదునొకటి. ఒక్కొక వ్రాతకు ఒక్కొక వినిమయసమూహమేర్పడును. ఊరు మాత్రమొక్కటే. అక్షరములలో రహస్యము వెదకువాడు మొదట ఏ వ్రాతలో వెదకవలెనో నిర్ణయింపజాలడు.

తమిళలిపిలో మాత్రము ఆ పేరు ఒకేవిధమున వ్రాయబడును. కాని అచటను ఒక చిక్కు గలదు. తమిళమున క, గ లకు ఒకే యక్షరము. త, ద లకును ఒకే యక్షరము. కావున ఉత్తరార్ధమును 'కామమ్' అనియు 'గామమ్' అనియు చదువవచ్చును. ఈ చిన్న భేదమున పెద్ద చరిత్ర యిమిడియున్నది. ఇదే పేరుగల సుబ్రహ్మణ్యక్షేత్రము సింహళద్వీపమున గలదు. సింహళులు దానిని కతరగమ యందురు. తమిళ భక్తులు కదిర్ అనగా వెలుగు, కామమనగా ప్రేమ యని విడదీసి, వెలుగైన స్వామి వల్లిపై ప్రేమగొన్న తావని భక్తితో వ్యాఖ్యానింతురు. పాలిభాషలోని మహావంశమున ఆ స్థలమునకు కాజరగామ మని పేరు. పాలిలో గామమనగా గ్రామము. ఉత్తరార్ధము గామమైనచో కామశబ్దార్థమునకు ఆధారము పోవును. గకార కకారములకు ఒకే గుర్తుగల లిపి, ఊరును ప్రేమగా మార్చినదగును.

భక్తుల వ్యాఖ్యానము భక్తికి చాలును. దానిని తప్పుపట్టుట మన పని కాదు. స్థలచరిత్ర వ్రాయువానికి మాత్రము అది చాలదు. తెలుగువాడు ఈ పేరు విని కదురును తలచుకొనవచ్చును. తమిళుడు వరివెన్నును, కిరణమును తలచుకొనవచ్చును. తమిళమున ఈ మూడర్థములును కదిర్ పదమునకు గలవు. పుదుచ్చేరిలోని కదిర్కామమునకు ఆ పేరు క్షేత్రనామము నుండి సంక్రమించెనా, పైరుపొలముల నుండి వచ్చెనా యనుటకు సాక్ష్యమీయవలసినవి ఫ్రెంచి పాలనకాలపు భూమిదస్త్రములు, శాసనములు, దేవాలయ లెక్కలు, వృద్ధుల నోటి ఉచ్చారణము. ముఖ్యముగా ఉచ్చారణము: ఊరివారు రెండవ భాగమును కకారముతో పలుకుదురా, గకారముతో పలుకుదురా? తెలుగులిపికి క, గ భేదము గలదు గనుక, మనము ఆ పేరును వ్రాయు ప్రతిపర్యాయమును తెలియకయే ఒక వ్యుత్పత్తిని ఒప్పుకొనుచున్నాము. కదిర్కామమని వ్రాసినవాడు ఒక పక్షమునకును, కదిర్గామమని వ్రాసినవాడు మఱియొక పక్షమునకును సాక్షియగుచున్నాడు. లిప్యంతరీకరణము నిరపేక్షమైన పని కాదనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము లేదు. పటములలోను, గెజెట్టులలోను, పాఠ్యపుస్తకములలోను ఒకసారి స్థిరపడిన వ్రాత తరువాతి తరమున ఉచ్చారణమునే మార్చును. ఉచ్చారణము మాఱిన పిదప సాక్ష్యము తిరిగి దొరకదు.

9. ఫలితము

పై విచారణ వలన నాలుగు సూత్రములు తేలుచున్నవి. ఒకటి: అక్షరపోలికను నమ్ముటకు ముందు ఆ పదములను వాని తొలి భాషలలో, తొలి వ్రాతలలో చూడవలెను, కాయిన్ ఐకన్‌ల సామ్యము అచట లేదు. రెండు: ధ్వనులు స్థానము మాఱెనని చెప్పదలచినపుడు ఆ మార్పు అట్టి పదములన్నింటికిని వర్తించునని చూపవలెను, రోలు, వారు, రెండు పదములకది చూపగలము. మూడు: అర్థము సరిపడుట అదనపు సాక్ష్యమే గాని మొదటి సాక్ష్యము గాదు, క్యాష్ పదములందు రూపమును అర్థమును రెండును సరిపడినట్లే యుండి, మూలములు వేఱైనవి. నాలుగు: స్థలనామములను లిపి మార్చి వ్రాయునపుడు స్థానికోచ్చారణమును ముందుగా నమోదు చేయవలెను.

మన దేశభాషల ప్రాచీనతను నిరూపింపదలచిన యుత్సాహమున, ప్రపంచములోని పదములనెల్ల మన పదముల తాఱుమాఱులుగా చూపు రచనలు నేటికిని వెలువడుచున్నవి. అవి మన భాషల గౌరవమును పెంచవు. నిజమైన సాక్ష్యమును గూడ సందేహమునకు గుఱిచేయును. కాసు ఆంగ్లమునకు పోవుట నిజము. దుడ్డు ఫ్రెంచివారి నాణెమునకు పేరగుట నిజము. రూపశబ్దము రూపాయియై కోట్లకొలది చేతులలో ఆడుచుండుట నిజము. ఈ నిజములకు నాణెములు, లెక్కలు, సూత్రములు సాక్ష్యము పలుకుచున్నవి. వీని ప్రక్కన అక్షరక్రీడల నుంచినచో, మంచి నాణెములలో చెల్లనివానిని కలిపినట్లగును. నాణకములను పరీక్షించువాడు మంచిదానిని చెడ్డదనియు, చెడ్డదానిని మంచిదనియు చెప్పినచో దండ్యుడని యాజ్ఞవల్క్యుని ధర్మశాస్త్రము విధించినది. పదములను పరీక్షించువానికిని ఆ బాధ్యత తప్పదు.